గోడ దాటి వచ్చిన థాంక్యూ

“‘హార్ట్‌ఫెల్ట్ కండోలెన్సెస్’ అని రాయవే అంటే రాయవేటి? ప్లాంటు నోటీసు బోర్డు మీద ఎవరు పోయినా అదే రాస్తారు.”

“అది బోర్డు కోసం నాన్నా. సూసమ్మ ఆంటీ బోర్డా?”

“పెద్దమాటైతే మర్యాదగా ఉంటాది.”

“మనిషి పోయి నెలన్నర అయింది. ఇప్పుడు పెద్దమాట రాస్తే ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలా ఉంటుంది. ‘సారీ’ అని రాస్తాను. సింపుల్‌గా.”

“సారీ అంటే తప్పు మనదని ఒప్పుకున్నట్టు. నానేటి తప్పు చేసినాను? స్నానం చెయ్యడం తప్పా?”

“అయితే మీరే రాసుకోండి. ఇంగ్లీషు నాది, గుస్సా మీది. రెండూ ఒక్క కార్డు మీద ఎలా పడతాయి?”

ఇలా వాదించుకుంటున్నది మా అల్లుడు సూర్నారాయణ, మనవరాలు సరిత. అల్లుడు భిలాయి ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. సరిత పదకొండో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఇద్దరి మధ్యా బల్ల మీద మూడున్నర రూపాయల కార్డు ఒకటి ఉంది, అంచున తెల్లపువ్వులున్నది. దాని మీద ఇంకా ఒక్క అక్షరం పడలేదు గాని, చిత్తు కాగితాలు అప్పటికే నాలుగు చించేరు. మా అమ్మాయి రాజేశ్వరి పక్కింటి గోడకేసి చూపిస్తూ “మెల్లిగా, మెల్లిగా” అంటోంది.

ఆ గోడ అవతల ఉన్న సూసమ్మ కోసమే ఆ కార్డు. మర్నాడు పొద్దున్న ఆవిడ భిలాయి విడిచిపెట్టి కేరళ వెళ్ళిపోతోంది. పన్నెండేళ్ళ స్నేహం. మధ్యలో ఒక ముల్లు దిగబడింది. ఈ సాయంత్రంలోగా ఆ ముల్లు తియ్యకపోతే ఇంక తీసేవాళ్ళు లేరు.

నేను గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. భిలాయి వచ్చి అది ఆరో రోజు. ఇంతకీ ముల్లేమిటో చెప్పాలంటే ప్రయాణం మొదటినుంచీ చెప్పాలి. మా ఊరి ఆడవాళ్ళు నేను తిరిగొచ్చిన దగ్గరనుంచీ భిలాయి ఎలాగుందని అడుగుతూనే ఉన్నారు. పదిమందికి పదిసార్లు చెప్పే ఓపిక నాకు లేదు. చదివింది మూడో తరగతి వరకే అయినా అక్షరాలు పారేసుకోలేదు కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్నాను. చదవడం రాని వాళ్ళు వచ్చినవాళ్ళ చేత చదివించుకోండి.

పార్వతీపురం నుంచి

పార్వతీపురంలో ఎక్కితే బండి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా కొండలూ అడవులూ దాటుకుని రాయపూర్ పోతుంది. నాకు కిటికీ పక్క చోటు దొరికింది. దొరికిందంటే, అక్కడ కూర్చున్నాయనని “కాస్త జరుగు బాబూ” అన్నాను, జరిగేడు. నా సామాను: ఒక బియ్యం మూట, కందిపప్పు, శనగపిండి, ఆవకాయ జాడీ, ఒకదానిలో ఒకటిగా మూడు సంచుల్లో పెట్టి కట్టిన ఎండు నెత్తళ్ళ చేపలు. రైల్లో కొనుక్కు తినే అలవాటు నాకు లేదు. పులిహోర ఆకులో కట్టుకున్నాను. రాయగడలో మాత్రం టీ తాగేను. రూపాయిన్నర తీసుకుని ఉగ్గు గిన్నెడు పోసేడు.

ఎదురుగా ఎస్తేరమ్మ అని ఒకావిడ కూర్చుంది. వాళ్ళది మామగారి నాటి నుంచీ రైల్వే కుటుంబం, ఉండేది భిలాయి-3లో. నేను జరగమనడం చూసి నవ్వింది.

“పెద్దమ్మగారూ, మీ ‘కాస్త’ రాయగడ వరకే పనిచేస్తుంది. అటుపైన ‘ప్లీజ్’ అనాలి.”

“అంటే ఏటమ్మా?”

“దయచేసి అని.”

“దయచేసి అన్నది నేను బోర్డుల మీదే చూసేను. ‘దయచేసి చెప్పులు బయట విడువుడు’ అని. నోటితో అన్న మనిషిని చూడలేదు.”

“నోటితో అనడానికి సిగ్గనే కదా ఇంగ్లీషులో అంటారు,” అందావిడ. తరవాత వేళ్ళ మీద చెప్పింది. “అడిగేముందు ప్లీజ్. అందుకున్నాక థాంక్యూ. మధ్యలో ఏదైనా ఒలికితే సారీ. ఈ మూడూ వస్తే భిలాయిలో బతికెయ్యొచ్చు.”

థాంక్యూ దగ్గర నాకు అనుమానం వచ్చింది. మన ఇళ్ళల్లో అన్నం పెట్టిన మనిషికి ఆ మాట అంటామా? అంటే గరిట అక్కడే ఆగిపోతుంది, నన్ను పరాయిదాన్ని చేసేవేమిటని. కడుపు నిండితే “నీ కడుపు చల్లగుండ” అంటాం. అదీ పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని అనాలి. ఇదే ఆవిడతో అన్నాను.

“పరాయివాళ్ళకేనమ్మా ఆ మాట,” అంది ఎస్తేరమ్మ. “నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారితో ఒక్కసారి అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.”

జాడీ ఒలికింది

టిట్లాగఢ్ ఇంకా రాలేదు. బండి ఒక వంపు తిరిగేసరికి నా ఆవకాయ జాడీ పక్కకి ఒరిగింది. వాసెన గుడ్డ గట్టిగానే కట్టేను, నూనె గుడ్డ మాట వింటుందా? పక్క బల్ల మీద ఒక సర్దార్జీ, లారీల మనిషి, తెల్ల దుప్పటి పరుచుకుని కూర్చున్నాడు. దాని మీదకి అరచెయ్యి వెడల్పున ఎర్రగా పాకింది.

“సారీ చెప్పండి,” అని ఎస్తేరమ్మ నన్ను గిల్లింది.

నేను చెప్పలేదు. ముందు జాడీ నిలబెట్టేను. మూటలోంచి శనగపిండి రెండు గుప్పిళ్ళు తీసి మరక మీద చల్లేను. పిండి నూనె పీల్చేక దులిపి మళ్ళీ చల్లేను. ఆయన కాళ్ళు పైకి పెట్టుకుని చూస్తున్నాడు. అరగంటకి ఎర్రదనం పోయి లేత పసుపు మిగిలింది. నా చోట్లో నేను కూర్చున్నాను.

“ఇంకా అనలేదు మీరు,” అంది ఎస్తేరమ్మ.

“రెండు గుప్పిళ్ళ పిండి ఖర్చు పెట్టేను. మళ్ళీ మాట కూడానా? సారీ అంటే మరక పోతుందా?”

“పిండి దుప్పటికి వేసేరు. ఆయనకేం వేసేరు? దుప్పటి రేపు ఉతుక్కుంటాడు. మీరు ఏమీ అనలేదన్నది మాత్రం ఇంటికి పట్టుకెళ్తాడు.”

టిట్లాగఢ్‌లో బండి ఆగినప్పుడు ఆయనవైపు తిరిగి “సారీ బాబూ” అన్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి “నో మెన్షన్ మాతాజీ, నో మెన్షన్” అన్నాడు. ఎత్తిన చేతుల్లో ఒకదాంట్లో రొట్టె ఉంది. దాన్ని నా జాడీ వైపు చూపించేడు. రెండు ముక్కలు వేసేను. మూడోది అడగలేదు, నేను ఇవ్వలేదు.

ఖుర్సీపార్

రాయపూర్లో బండి మారి భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో దిగేను. రాజేశ్వరి, సరిత వచ్చేరు. వాళ్ళ క్వార్టరు ఖుర్సీపార్లో. ఎనిమిదేళ్ళ కిందట ఒకసారి వచ్చేను. అప్పటికీ ఇప్పటికీ చెట్లు పెరిగేయి, ఆరేసిన బట్టల మీద ఎర్రదుమ్ము మాత్రం తగ్గలేదు. ఊరంతా ప్లాంటు హూటర్ కూత చెప్పినట్టు లేస్తుంది, తింటుంది, పడుకుంటుంది. మా ఊళ్ళో ఆ పని కోడిది, దానికి జీతం లేదు.

మర్నాడు సరితని తీసుకుని బజారుకి వెళ్ళేను. సగం దుకాణాల్లో మన మాటే. వంకాయలు పెట్టుకున్న గుంట ఒకతె నాతో “ఏటి కావాల మామ్మా” అంది, వెంటనే పక్కావిడతో హిందీలో “లే లో దీదీ” అంది, రెండింటికీ ఒకే గొంతు. వంకాయలు కిలో నాలుగు రూపాయలంటే మూడుకి తెచ్చేను. పొద్దున్న అక్కడ అటుకులు ఉడికించి, పైన కారప్పూస చల్లి, పక్కన జిలేబీ పెట్టి తింటారు. కారం పక్కన తీపి ఏమిటో. అన్నం రాత్రి నీళ్ళలో వేసి పొద్దున్న ఉల్లిపాయతో తినేది కూడా ఉంది, ‘బాసీ’ అంటారు. మన తరవాణే. అది చూసేక ఆ మనుషుల మీద నాకు నమ్మకం కుదిరింది.

ఒకటి మాత్రం నచ్చలేదు. సరిత కూరలమ్మినావిడని ఆంటీ అంది, మంగలి దుకాణం ఆయన్ని అంకుల్ అంది, డాక్టరు భార్యనీ ఆంటీయే అంది.

“వీళ్ళందరూ నీకు ఏమవుతారే?” అన్నాను.

“ఏమీ అవరు అమ్మమ్మా. అందుకే ఆంటీ.”

మా ఊళ్ళో పిన్ని అంటే ఒక లెక్క, వదిన అంటే ఒక లెక్క. ఎవరితో ఎంత సరసం ఆడాలో, ఎవరి ముందు నోరు మూసుకోవాలో పిలుపులోనే ఉంటుంది. అక్కడ ఒక్క మాటతో ఊరంతా గడిపేస్తారు. పొదుపైన మాటే. నేను పొదుపుకి వ్యతిరేకిని కాను, గాని ఉప్పు వెయ్యకుండా పొదుపు చేసిన కూర తింటామా?

గోడ అవతల

క్వార్టర్లు అక్కడ జంటగా కడతారు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, పెరట్లో అది నడుము ఎత్తుకి దిగిపోతుంది. అవతలి ఇంట్లో థామస్, సూసమ్మ అని మలయాళీలు. థామస్ ప్లాంటులో మా అల్లుడు పనిచేసే మిల్లులోనే, అతనికంటే పెద్దవాడు, పని నేర్పినవాడు. పోయినసారి నేను వచ్చినప్పుడు సూసమ్మ పొద్దస్తమానూ గోడమీంచి చెయ్యి చాపేది. “రాజీ, ప్యాజ్.” “రాజీ, మాచిస్.” ఉల్లిపాయా, అగ్గిపెట్టే. అంతే, ముందూ వెనకా మాటలేదు. మా నెత్తళ్ళంటే ఆవిడకి ప్రాణం. గిన్నె అందుకుని మూత తీసి వాసన చూసి లోపలికి పోయేది. ఆ గిన్నె వారానికి తిరిగొచ్చేది, ఉప్పేరి అనే అరిటికాయ వేపుడుతోనో, చేప పులుసుతోనో.

థామస్ నెలన్నర కిందట గుండెపోటుతో పోయేడని ఉత్తరంలో తెలిసింది. అందుకే వచ్చిన రెండో రోజే నెత్తళ్ళు వేయించి సరిత చేత పంపించేను. పది నిమిషాల్లో గిన్నె తిరిగొచ్చింది. కడిగి, తుడిచి, ఖాళీగా. వెనకే గోడ దగ్గరికి సూసమ్మ వచ్చి నిలబడి, “థాంక్యూ రాజేశ్వరీ. థాంక్యూ సో మచ్” అంది. మనిషి సగమైపోయింది. నన్ను చూసి నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

రాజీ కాదు, రాజేశ్వరి. నాకు ఎస్తేరమ్మ అత్తగారు గుర్తొచ్చింది.

“ఏం జరిగిందే?” అన్నాను.

రాజేశ్వరి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “నెలన్నరగా ఇంతేనమ్మా. నేను వెళ్తే ‘ప్లీజ్ కమ్’ అంటోంది. కుర్చీ వేస్తోంది. పన్నెండేళ్ళూ నేను ఆ వంటింట్లో పీట మీద కూర్చున్నాను, కుర్చీ ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు.”

తరవాత చెప్పింది. థామస్‌కి నొప్పి వచ్చినప్పుడు ఆస్పత్రికి ఎత్తుకెళ్ళింది మా అల్లుడే. శవాన్ని ఇంటికి తెచ్చిందీ అతనే. భూస్థాపన అయ్యేక వీళ్ళు నలుగురూ, అంటే వీళ్ళు ముగ్గురూ, ఆ రోజు వచ్చిన అల్లుడి తమ్ముడూ, సూసమ్మ దగ్గర కాసేపు కూర్చుని లేచి వచ్చేసేరు. చావింట్లో వెళ్ళొస్తామని చెప్పం కదా, చెప్పలేదు. వచ్చి ఇంట్లో కాలు పెట్టకుండా పెరట్లో కుళాయి కింద తలమీంచి నీళ్ళు పోసుకున్నారు. మన దగ్గర ఎవరైనా అదే చేస్తారు. ఆ కుళాయి గోడ పక్కనే ఉంది. ఎదురుగా సూసమ్మ కిటికీ.

అప్పుడు వీళ్ళకేమీ తట్టలేదు. పది రోజుల కిందట పాలు పోసే ఛత్తీస్‌గఢీ ఆవిడ చెప్తే తెలిసింది. “మాట కూడా చెప్పకుండా లేచి వెళ్ళి, మమ్మల్ని అంటుకున్నందుకు కడుక్కున్నారు” అని సూసమ్మ ఏడ్చిందట.

“చెప్పకపోయేవా, మన ఆచారమని?”

“నా హిందీ బేరాల హిందీ అమ్మా. కిలో ఎంత, తగ్గించు, అంతవరకే. ఆ నోటితో చావు గురించి మాట్లాడితే ఇంకేం తప్పొస్తుందోనని భయం. ఇంగ్లీషు నాకు రాదు. ఆయన్ని వెళ్ళమంటే వెళ్ళరు. ‘అన్నాళ్ళు కలిసి తిన్నాం, నా గురించి అలా ఎలా అనుకుంటుంది’ అంటారు.”

అల్లుడికీ గుచ్చుకుందన్నమాట. అందుకే మొదట్లో చెప్పిన ఆ కార్డు. మొహం చూపించకుండా పని జరిగిపోవాలని.

ఏ మాటకి ఎంత కొలత

ఇప్పుడు మళ్ళీ ఆ సాయంత్రానికి వస్తాను. పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి అల్లుడు కార్డు ముందు కూర్చున్నాడు. గంటసేపు విన్నాను. బియ్యం ఏరడం అయిపోయింది. చేట పక్కన పెట్టి సరితని పిలిచేను.

“నీ దగ్గర ఉన్న మాటలన్నీ చెప్పు. ఒక్కోటీ ఎక్కడ వాడతారో కూడా చెప్పు.”

“సారీ ఉంది అమ్మమ్మా. బస్సులో కాలు తొక్కితే అంటాం. ఎవరైనా పోయినా అంటాం.”

“రెండింటికీ అదేనా? మరి సూసమ్మకి ఏది అనుకోమంటావు? పక్కన పెట్టు. తరవాత?”

“రిగ్రెట్.”

“అది ఎవరంటారు?”

“నౌకరీ ఇవ్వలేమని ఉత్తరాల్లో రాస్తారు. ‘వుయ్ రిగ్రెట్ టు ఇన్‌ఫామ్ యూ.’”

“అంటే ఇవ్వనివాడి మాట. అక్కర్లేదు. తరవాత?”

“అపాలజైజ్. తప్పు మనదేనని పూర్తిగా ఒప్పుకోవడం. స్కూల్లో ప్రిన్సిపాల్ రాయిస్తుంది.”

అల్లుడు కుర్చీలోంచి లేచేడు. “అదేటి అత్తా, అది రాస్తే నేను దొంగలా ఉండనా? మన ఆచారం మనం చేసుకున్నాం.”

“కూర్చో బాబూ. ఆచారం తప్పని నేను అనలేదు. మీ మావగారు పోయినప్పుడు నేనూ పోసుకున్నాను. గాని ఆవిడ కిటికీ ఎదురుగా పోసుకోవడం ఏ శాస్త్రంలో ఉంది? ఎందుకు పోసుకుంటున్నామో ఆవిడకి ముందొక ముక్క చెప్పకూడదని ఎవరు చెప్పేరు?”

అతను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. నేను ఇంకోటి అడిగేను.

“మీ మిల్లులో నీ చేతిలో పని చెడి పక్కవాడికి కష్టమొస్తే, అతనితో ఏమంటావు? కండోలెన్సా?”

“ఛ, అదెందుకంటాం. ‘మిస్టేక్ నాది భాయ్’ అంటాం.”

“కార్డు మీద రాసి ఇస్తావా?”

“లేదు. లాగ్ బుక్కులో రాసేది ఆఫీసరు కోసం. మనిషికి మనిషే వెళ్ళి చెప్పాలి. హూటర్ కొట్టక ముందే చెప్పాలి. షిఫ్టు దిగిపోతే ఇంక అది...” అని ఆగిపోయేడు. కార్డుకేసి చూసేడు. మెల్లిగా అన్నాడు, “అది నాకు నేర్పింది థామస్ భయ్యాయే.”

సరిత పెన్ను మూత పెట్టేసింది.

“మరి రేపు పొద్దున్న ఆవిడ షిఫ్టు దిగిపోతోంది,” అన్నాను. “కార్డు పక్కన పెట్టు. పద.”

“ఏమనాలి అత్తా?”

“నువ్వు ఇప్పుడు అన్నదే. చిన్నమాట, మీ ఇద్దరి ఇళ్ళకీ తెలిసిన మాట. పెద్దమాట పట్టుకెళ్తే ఆవిడకి అర్థం చేసుకునే పని కూడా మనం అప్పజెప్పినట్టు. నాకూ రైల్లో ఒకావిడ నేర్పింది. పిండి చల్లితే చాలదు, నోరు తెరవాలి.”

సూసమ్మ గుమ్మం

గోడమీంచి పిలవలేదు. నలుగురమూ చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోకి వెళ్ళేం. ఇల్లంతా పెట్టెలు. ఆవిడని తీసుకెళ్ళడానికి వచ్చిన అన్నగారు బజారుకి వెళ్ళేడట. సూసమ్మ మమ్మల్ని చూసి కుర్చీలు వెతకబోయింది, అవి తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. “ప్లీజ్, ప్లీజ్” అంటూ చాప తీస్తోంది.

అల్లుడు నిలబడే అన్నాడు. “భాభీ, మిస్టేక్ నాది.”

హిందీలోనే అన్నాడు, మిస్టేక్ మాత్రం మిస్టేకే. ఆవిడ చాప సగం విప్పి ఆగింది. తరవాత మాటలు సరిత నా చెవిలో తెలుగు చేస్తూ వచ్చింది.

“ఏ మిస్టేక్?” అంది సూసమ్మ.

“నీళ్ళు. ఆ రోజు కుళాయి దగ్గర.”

ఆవిడ చాప కింద పెట్టేసింది. కిటికీకేసి చూస్తూ అంది. “నలుగురూ పోసుకున్నారు. నేను ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. నా మొగుణ్ణి నీ భుజం మీద వేసుకుని తీసుకొచ్చేవు సూర్యా. ఆ భుజమే కడుక్కున్నావు.”

అప్పుడు నేను కలగజేసుకున్నాను. సరితతో, “నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు, నీ సొంతం కలపకు” అని మొదలుపెట్టేను.

“అమ్మా, నా పెనిమిటి పోయినప్పుడు నేనూ పోసుకున్నాను. నా పిల్లలూ పోసుకున్నారు. చావు మన వెనకాలే గుమ్మం దాటి వస్తుందని మా వాళ్ళకి భయం. మీ ఆయనంటే అసహ్యమై కాదు. వెళ్ళొస్తామని చెప్పకపోవడమూ అందుకే, చావింటికి మళ్ళీ వస్తామనకూడదని. ఇవన్నీ మీకు తెలియవని వీళ్ళకి తట్టలేదు. ముందే చెప్పాలి, చెప్పలేదు. మీ కిటికీ ఎదురుగా చెయ్యకూడదు, చేసేరు. ఆ రెండూ మావే.”

సరిత చెప్పింది. ఒక్క పెద్దమాట వాడలేదు, గమనించేను. భయం దగ్గర ‘డర్’ అంది, చివర మళ్ళీ ‘మిస్టేక్’ అంది. సూసమ్మ గోడనున్న మేకుకేసి చూస్తోంది. థామస్ ఫోటో తీసేసి పెట్టెలో పెట్టినట్టున్నారు, మేకు మిగిలింది.

చివరికి, “ఓకే” అంది.

అంతే. ఏడవలేదు, కూర్చోమనలేదు. ఇంగ్లీషులో ఆ మాటని నేను వచ్చిన దగ్గరనుంచీ వింటున్నాను. టీ తాగుతావా అంటే ఓకే, కడుపు నొప్పి తగ్గిందా అంటే ఓకే. సోలెడో తవ్వెడో కొలత తెలియని గిన్నె అది. ఎంత పోసిందో చెప్పలేం.

తిరిగి వచ్చేటప్పుడు గడప దగ్గర అల్లుడు వెనక్కి తిరిగేడు. “ఆతే హైఁ భాభీ” అన్నాడు. వెళ్ళొస్తామని. నెలన్నర కిందట అనని మాట. ఆవిడ తలుపు మెల్లిగా వేసుకుంది.

ఇంటికొచ్చేక రాజేశ్వరి, “ఓకే అంటే కోపం పోయినట్టా, ఉన్నట్టా అమ్మా?” అని అడిగింది. చెయ్యవలసింది చేసేం, పడుకో అన్నాను. కార్డు నా సంచిలో పెట్టుకున్నాను. రాయని కార్డు పారేస్తామా?

మర్నాడు పొద్దున్న

మొదటి హూటర్ కొట్టేసరికి నేను కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాను. గోడమీంచి చెయ్యి ఒకటి వచ్చింది.

“రాజీ, చాయ్.”

లోపల గిన్నె కింద పడిన చప్పుడైంది. స్టవ్ మూట కట్టేసేరట, టీ పెట్టుకునే దారి లేదట. రాజేశ్వరి జుట్టు కూడా ముడుచుకోకుండా స్టీలు గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. సూసమ్మ గోడకి ఆనుకుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించి గ్లాసు వెనక్కి చాపింది. “చీనీ.” పంచదార ఇంకో చెంచా వేసేరు. తాగుతూ నన్ను చూసి, నా వెనక వంటింట్లోకి చూసి, ముక్కు ఎగబీల్చింది. మిగిలిన నెత్తళ్ళ పొట్లం తెచ్చి ఇచ్చేను. వాసన చూసి చంకలో పెట్టుకుంది.

అల్లుడు ఆ పూట షిఫ్టు మార్చుకున్నాడు. పెట్టెలన్నీ ఆటో వరకూ అతనే మోసేడు. ఇనప ట్రంకు పెట్టె బరువుగా ఉంటే ఆవిడ అన్నగారు చెయ్యి వేయబోయేడు. సూసమ్మ ఆయన్ని ఆపి, “సూర్యా” అని పిలిచి పెట్టె చూపించింది. అతను వంగి భుజం మీదకి ఎత్తుకున్నాడు.

ఆటో ఎక్కేముందు ఆవిడ ఖాళీ గ్లాసు రాజేశ్వరి చేతిలో పెట్టింది. కడగలేదు. థాంక్యూ అనలేదు. ఆటో వెళ్ళిపోయింది. రాజేశ్వరి గ్లాసు కడిగి బోర్లించింది. అల్లుడు రెండో షిఫ్టుకి వెళ్ళేడు.